నేలలో ఇంకిన పెట్రోలును గాలితో శుభ్రం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేలకింది పెట్రోలు ట్యాంకుకు చిల్లు పడితే పైకి ఏమీ కనిపించదు. బంకు లెక్కల్లో కొంత సరుకు తక్కువ తేలుతుంది, ఎండకు ఆవిరైపోయిందని సరిపెట్టుకుంటారు. కొన్ని నెలలకు పక్క వీధి బోరు నీళ్లలో వాసన మొదలవుతుంది. అలాంటి నేలను తవ్వి తరలించకుండా, ఉన్నచోటనే గాలి పంపి బాగుచేసే పద్ధతులు నలభై ఏళ్లుగా వాడుకలో ఉన్నాయి. వాటి గురించి బంకు యజమానులు, అపార్ట్‌మెంటు సంఘాల వాళ్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

కారిన పెట్రోలు నేలలో ఎక్కడికి పోతుంది?

ముందు నిలువుగా కిందికి దిగుతుంది. దిగే దారిలో మట్టి రేణువులకు కొంత అంటుకుంటుంది. మూకుడులో నూనె ఒంపేశాక కూడా అడుగున జిడ్డు మిగిలినట్టు, ఆ అంటిన భాగం దానంతట అది కదలదు. మిగతాది భూగర్భ జలమట్టాన్ని చేరి, నీటికంటే తేలిక కాబట్టి దానిపై తేలుతుంది. ఆ తేలే పొరలోంచి బెంజీన్, టోలుయీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ అనే పదార్థాలు కొద్దికొద్దిగా నీటిలో కరిగి, ఊటతో పాటు పక్క స్థలాలకు సాగుతాయి. వీటన్నిటినీ కలిపి బీటెక్స్ అంటారు. తేలికపాటి భాగం ఆవిరై మట్టి సందుల్లో నిండుతుంది. అంటే ఒకే లీకు నాలుగు రూపాల్లో ఉంటుంది: అంటినది, తేలినది, కరిగినది, ఆవిరైనది. శుద్ధి చేసేవాళ్లు ఈ నాలుగింటినీ లెక్కలోకి తీసుకోవాలి.

మన ప్రాంతంలో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. మే నెలలో అడుగంటిన నీటిమట్టం వానల తర్వాత చాలాచోట్ల మీటర్ల కొద్దీ పైకి వస్తుంది. దానితో పాటే పెట్రోలు పొర కూడా ఏటా ఎక్కుతూ దిగుతూ, ఆ మధ్యనున్న మట్టికంతా పూత పూస్తుంది. నీరు పెరిగినప్పుడు కొంత పెట్రోలు నీటిమట్టం కిందే చిక్కుకుపోతుంది. పాత లీకుల్లో అసలు సమస్య చాలావరకు ఈ పూత పట్టిన మందంలోనే ఉంటుంది. వేసవిలో ఒక్కసారి నమూనాలు తీసి అంచనా కట్టేస్తే అది సగం అంచనాయే.

ఒకటి రెండు లీటర్లు పోతే అంత ప్రమాదమా?

లెక్క వేసి చూడండి. భారత్ స్టేజ్ 6 ప్రమాణాల ప్రకారం పెట్రోలులో బెంజీన్ 1 శాతానికి మించకూడదు. ఆ లెక్కన లీటరు పెట్రోలులో 10 మిల్లీలీటర్ల దాకా, అంటే దాదాపు 8.8 గ్రాముల బెంజీన్ ఉండవచ్చు. తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. అమెరికాలో అది 5 మాత్రమే. 8.8 గ్రాములు మొత్తం నీటిలో కరిగితే, ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ 10 మైక్రోగ్రాముల గీత దాకా తీసుకుపోగలవు. ఆచరణలో అంతా కరగదు, కొంత ఆవిరవుతుంది, కొంతను సూక్ష్మజీవులు తింటాయి. అయినా ఒక లీటరు శక్తి ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

బెంజీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలిపోయిన పదార్థం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మొదటి వర్గంలో పెట్టింది. ఇంకో మాట: ముక్కును నమ్ముకోవద్దు. బెంజీన్ వాసన మనకు తెలిసేసరికి దాని మోతాదు పరిమితిని ఎన్నో రెట్లు దాటి ఉంటుంది.

గాలి దీన్ని ఎలా శుభ్రం చేస్తుంది?

రెండు రకాలుగా. మొదటిది, కదిలే గాలి తగిలినచోట పెట్రోలులోని తేలిక పదార్థాలు ఆవిరై ఆ గాలితో పాటు బయటికి వస్తాయి. రెండోది, గాలిలోని ఆక్సిజన్ అందుకుని నేలలోని సూక్ష్మజీవులు పెట్రోలును తిని కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మారుస్తాయి. మొదటిది కంటికి, మీటరుకు వెంటనే కనిపిస్తుంది కాబట్టి అందరూ దాన్నే గొప్పగా చెబుతారు. నా అభిప్రాయంలో చాలాచోట్ల అసలు పని చేసేది రెండోదే.

గాలే ఎందుకు, ఆక్సిజన్ కలిసిన నీళ్లు పంపవచ్చు కదా అని కొందరికి సందేహం వస్తుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా విచ్ఛిన్నం కావడానికి సుమారు మూడున్నర కిలోల ఆక్సిజన్ కావాలి. మన వాతావరణంలో గాలి తగిలిన నీరు లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మాత్రమే పట్టుకోగలదు. ఆ మూడున్నర కిలోలను నీటి ద్వారా అందించాలంటే నాలుగు లక్షల లీటర్లకు పైగా నీరు పంపాలి. అదే ఆక్సిజన్ 13 ఘనపు మీటర్ల గాలిలో ఉంటుంది, అంటే ఒక చిన్న గదిలో సగం. ఈ లెక్క అర్థమయ్యాకే ఇంజనీర్లు నీటిని వదిలి గాలి వైపు మళ్లారు.

ఎయిర్ స్పార్జింగ్, బయోస్పార్జింగ్, బయోవెంటింగ్ ఒకటేనా?

కావు. గాలిని నీటిమట్టం కింద పంపుతున్నారా, పైన పంపుతున్నారా అన్నది మొదటి తేడా. ఎంత పంపుతున్నారన్నది రెండో తేడా.

ఎయిర్ స్పార్జింగ్‌లో నీటిమట్టం కిందికి గట్టిగా గాలి పంపుతారు. గాలి గొట్టం దింపిన ఒక్కో బావికి గంటకు సుమారు 5 నుంచి 40 ఘనపు మీటర్ల గాలి మామూలు. ముఖ్య ఉద్దేశం కరిగిన, చిక్కుకున్న పెట్రోలును ఆవిరి చేయడం. పైకి వచ్చే ఆవిరిని పట్టుకోవడానికి నీటిమట్టం పైనున్న మట్టిలో వేరే బావులు వేసి బ్లోయర్‌తో లాగుతారు. ఈ జోడీ 1980ల నడుమ జర్మనీలో మొదలైంది. బయోస్పార్జింగ్‌లోనూ గాలి నీటిమట్టం కిందికే వెళ్తుంది, కానీ ఆవిరి ఎక్కువ లేవకుండా, సూక్ష్మజీవులకు సరిపడినంతే నెమ్మదిగా పంపుతారు. బయోవెంటింగ్‌లో నీటితో పనిలేదు. నీటిమట్టం పైనున్న, సందుల్లో ఇంకా గాలి ఉన్న మట్టిలోకే మెల్లగా గాలి ఊదుతారు.

కాంట్రాక్టు పత్రాల్లో ఈ మూడు పేర్లనూ కలగాపులగంగా వాడేస్తుంటారు. టెండరులో ఏ పేరు రాశారో చూసి ఊరుకోకండి. గాలి ఏ లోతున పడుతుంది, గంటకు ఎంత పడుతుంది అని అడగండి.

పెట్రోలు తినే సూక్ష్మజీవులను కొని వేయాలా?

సాధారణంగా అక్కర్లేదు. స్యూడోమోనాస్, రోడోకాకస్ వంటి బ్యాక్టీరియా నేలలో ఇప్పటికే ఉంటాయి. పెట్రోలు చేరినచోట కొన్ని వారాల్లో వాటి సంఖ్య దానంతట అదే పెరుగుతుంది. ఉన్న ఆక్సిజన్‌ను అవి త్వరగా వాడేసుకుంటాయి, ఆపైన పని దాదాపు నిలిచిపోతుంది. లీకైన చోట మట్టి సందుల్లోని గాలిని పరీక్షిస్తే ఆక్సిజన్ సున్నాకు దగ్గరగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కనిపించేది అందుకే. జీవులకు కొరవ లేదు, ఊపిరికే కొరవ.

నూనె తినే బ్యాక్టీరియా అనగానే ఆనంద్ మోహన్ చక్రవర్తి పేరు గుర్తొస్తుంది. ఆయన తయారుచేసిన స్యూడోమోనాస్‌పై పేటెంట్ ఇవ్వవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1980లో తీర్పు చెప్పింది. జీవికి పేటెంట్ అన్న చర్చలో అది మైలురాయి. నేలలోకి గాలి పంపే పద్ధతులు మాత్రం అలాంటి ప్రత్యేక జీవులపై ఆధారపడి ఎదగలేదు. మనదేశంలో టెరి అనే పరిశోధన సంస్థ రూపొందించిన ఆయిల్‌జాపర్ అనే బ్యాక్టీరియా మిశ్రమాన్ని చమురు సంస్థల గుంటల్లోని మడ్డి మీద వాడారు. అది తవ్వి పరిచిన మడ్డి, నేల అడుగున దాగిన పెట్రోలు కాదు. ఎనిమిది మీటర్ల లోతులోని మట్టికి పొడి పొట్లాలు అమ్మేవాళ్లను, అది అక్కడికి ఎలా చేరుతుందని అడిగి చూడండి.

ఇది నిజంగా పనిచేసిన చోటు ఏదైనా ఉందా?

చాలా ఉన్నాయి. అందరూ ఉదహరించేది అమెరికాలో యూటా రాష్ట్రంలోని హిల్ వైమానిక స్థావరం. 1985 జనవరిలో అక్కడ నేలకింది ట్యాంకు నింపుతుండగా పొంగిపొర్లి, దాదాపు 27,000 గ్యాలన్ల జేపీ-4 విమాన ఇంధనం నేలపాలైంది. మన లెక్కలో లక్ష లీటర్లు. ఇసుక నేల కావడంతో అది బాగా లోతుకు దిగింది.

1988 చివర్లో మట్టిలోంచి ఆవిరిని లాగడం మొదలుపెట్టారు. ఉద్దేశం ఇంధనాన్ని ఆవిరి చేసి బయటికి తీయడమే. అయితే బయటికి వచ్చే గాలిని పరీక్షిస్తున్న కొద్దీ ఆక్సిజన్ తగ్గడం, కార్బన్ డయాక్సైడ్ పెరగడం కనిపించింది. తాము లాగుతున్న ఇంధనం ఒక్కటే కాదు, మట్టిలోని జీవులు తింటున్న ఇంధనం కూడా గట్టి మోతాదులోనే ఉందని లెక్క తేలింది. అప్పుడు వాళ్లు బ్లోయర్ వేగం పెంచలేదు, తగ్గించారు. గాలి నెమ్మదిగా కదిలితే ఆవిరి తక్కువ లేస్తుంది, జీవులకు తినే వ్యవధి దొరుకుతుంది, బయటికి వచ్చే ఆవిరిని కాల్చే ఖర్చూ తగ్గుతుంది. మట్టికి కొంత తేమ కూడా అందించారు. చివరికి కిలో మట్టిలో సగటున 6 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఇంధనం మిగిలింది. మొదట్లో కొన్ని నమూనాల్లో అది వేల మిల్లీగ్రాముల్లో ఉండేది.

ఆ అనుభవం మీదే అమెరికా వైమానిక దళం 1990ల్లో వందకు పైగా చోట్ల బయోవెంటింగ్ పరీక్షించింది. అలాస్కాలోని ఐల్‌సన్ స్థావరంలో మట్టిని వెచ్చబరచి మరీ చూశారు. చలిలో కూడా జీవులు పనిచేశాయి, వెచ్చగా ఉన్నచోట ఇంకా వేగంగా పనిచేశాయి. ఆ లెక్కన ఏడాది పొడవునా వెచ్చగా ఉండే మన నేల వరమే.

ఎలాంటి నేలకు ఇది సరిపోతుంది?

గాలి సులువుగా దూరే నేలకు. ఇసుక, ఇసుకతో కలిసిన ఒండ్రు శ్రేష్ఠం. బాపట్ల, చీరాల తీరంలాంటి ఇసుక నేలల్లో ఒక్కో బావి ప్రభావం చాలా దూరం విస్తరించగలదు. గోదావరి, కృష్ణా డెల్టాలలో మాత్రం ఇసుక మధ్యమధ్య బంకమట్టి పొరలు వస్తాయి. కింద పంపిన గాలి ఆ పొర అడుగున ఆగి, పక్కకు పాకి, ఎక్కడో దూరాన పైకి తేలుతుంది. పక్కవాళ్ల వంటగదిలో తేలితే అది శుద్ధి కాదు, ప్రమాదం.

నల్లరేగడిలో వేసవిలో పగుళ్ల గుండా గాలి పారిపోతుంది, వానాకాలంలో మట్టి ఉబ్బి అసలు కదలనివ్వదు. రెండూ పనికిరావు. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ రాతి నేల సంగతి వేరు. పైన శిథిలమైన రాయి, మొరం ఉన్నంతవరకు నీటిమట్టం పైన బయోవెంటింగ్ ప్రయత్నించవచ్చు. దాని కింద నీరు రాతి చీలికల్లో ఉంటుంది. గాలి పెద్ద చీలికను పట్టుకుని పోతుంది, పెట్రోలు చిన్న చీలికల్లోనే ఉండిపోతుంది. అక్కడ స్పార్జింగ్ ప్రతిపాదించేవాళ్లు ముందు ఆ చీలికల పటం చూపించాలి.

పంపిన గాలి బుడగలుగా పైకి వస్తుందా?

చేపల తొట్టిలో గాలి గొట్టాన్ని చూసిన అలవాటుతో అందరూ అలాగే ఊహిస్తారు. గులకరాళ్ల వంటి ముతక పొరల్లో తప్ప అలా జరగదు. ఇసుకలో గాలి తనకు సులువైన దారిని ఎంచుకుని, సన్నటి నిరంతర కాలువలుగా పైకి సాగుతుంది. ఒకసారి దారి పడ్డాక అదే దారిలో పోతూ ఉంటుంది. ఆ కాలువల మధ్యనున్న నీటికి గాలి నేరుగా తగలదు. అక్కడి బెంజీన్ మెల్లగా కాలువ దాకా నడిచి రావాలి, లేదా ఆక్సిజన్ మెల్లగా అక్కడికి చేరాలి. స్పార్జింగ్ మొదటి నెలల్లో వేగంగా పనిచేసి తర్వాత మందగించడానికి ముఖ్య కారణం ఇదే.

దీనికి విరుగుడు కంప్రెసర్‌ను ఆపి ఆపి నడపడం. గాలి ఆపగానే కాలువలు కూలి, ఆ ఖాళీలోకి నీరు దూసుకొస్తుంది. మళ్లీ మొదలుపెట్టగానే నీరు పక్కకు నెట్టుకుపోతుంది. ఈ కదలికలో నీరు బాగా కలుస్తుంది. కొన్ని గంటలు నడిపి కొన్ని గంటలు ఆపే వరస చాలాచోట్ల నిర్విరామంగా నడిపిన దానికంటే మేలు చేస్తుంది, కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది. రాత్రింబవళ్లు మోగుతున్న యంత్రమే బాగా పనిచేస్తున్నట్టని అనుకోవద్దు.

ఎంత ఒత్తిడితో పంపాలి?

తక్కువతో. గాలి బయటికి రావాలంటే ముందు గొట్టంలోని నీటిని నెట్టాలి. మీటరు నీటికి దాదాపు 0.1 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) పడుతుంది. నీటిమట్టం 4 మీటర్ల లోతున ఉండి, గొట్టానికి చిల్లులు ఉన్న భాగం 8 మీటర్ల దగ్గర మొదలైతే, నాలుగు మీటర్ల నీటికి 0.4 బార్. మట్టి సందుల్లోకి చొరబడటానికి ఇంకొంచెం. ఇసుకలో అయితే మొత్తం సగం బార్ దగ్గర గాలి పారడం మొదలవుతుంది.

పై హద్దు కూడా ఉంది. ఆ లోతులో పైనున్న మట్టి, నీటి బరువు సుమారు 1.4 బార్. గాలి ఒత్తిడి దానికి దగ్గరైతే నేల పగులుతుంది. ఒకసారి పగిలితే గాలంతా ఆ పగులు గుండానే పోతుంది, ఆ బావి ఇక పనికిరాదు. అందుకే బరువులో 60 నుంచి 80 శాతం దాటనివ్వరు. టైర్లకు గాలి కొట్టే 7, 8 బార్ల కంప్రెసర్‌ను రెగ్యులేటర్ లేకుండా తగిలిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇంకో చిన్న సంగతి. మామూలు కంప్రెసర్ గాలితో పాటు కొంత లూబ్రికెంట్ నూనె కూడా వస్తుంది. నూనె తీయడానికి వచ్చి నూనె పోసిపోకూడదు కదా. ఆయిల్‌రహిత కంప్రెసర్ గానీ, బ్లోయర్ గానీ వాడాలి. బావి గొట్టం చుట్టూ బెంటోనైట్ మట్టితో సందులు పూడ్చడం కూడా తప్పనిసరి. అది సరిగా లేకపోతే గాలి గొట్టం వెంటే పైకి వచ్చేస్తుంది. వాన నిలిచిన రోజున బావి మూత చుట్టూ నీళ్లు కుతకుతమంటుంటే, సీలు పోయిందని అర్థం.

ముందుగా ఏ పరీక్ష చేయాలి?

బయోవెంటింగ్‌కు చేసే శ్వాస పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. పెట్రోలు ఉన్న మట్టిలోకి ఒకటి రెండు శాతం హీలియం కలిపిన గాలిని దాదాపు ఒక రోజు పంపుతారు. మట్టి సందుల్లో ఆక్సిజన్ బయటి గాలిలో ఉన్నంతకు, అంటే 21 శాతం దగ్గరికి చేరుతుంది. అప్పుడు గాలి ఆపేసి, సన్నటి గొట్టాల ద్వారా రెండేసి, నాలుగేసి గంటలకు ఒకసారి మట్టిలోని గాలిని లాగి మీటరులో చూస్తారు. అంకె దిగుతూ ఉంటుంది. ఒక రోజులో 20 నుంచి 10కి పడిపోతే లోపల జీవులు ఆకలి మీద ఉన్నట్టు. రోజంతా 20 దగ్గరే కదలకుండా ఉంటే అక్కడ తినడానికి పెట్రోలు లేదు, లేదా తేమ చాలక, విషపూరితమై జీవులు చచ్చుబడి ఉన్నాయి.

హీలియం ఎందుకంటే దాన్ని ఏ జీవీ తినదు. ఆక్సిజన్‌తో పాటు హీలియం కూడా వేగంగా తగ్గితే గాలి ఎటో కారిపోతోందన్నమాట, ఆ లెక్క చెల్లదు. పెట్రోలు అంటని పక్క నేలలో కూడా ఇదే పరీక్ష చేసి పోల్చాలి, ఎందుకంటే మామూలు మట్టిలోని వేర్లు, ఆకుల కుళ్లు కూడా కొంత ఆక్సిజన్ వాడుకుంటాయి. ఈ పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. దీన్ని దాటవేసి నేరుగా పెద్ద ఏర్పాటుకు దిగమనే సలహాదారును నేను నమ్మను.

బావిలో పెట్రోలు పొర తేలుతుంటే నేరుగా గాలి పంపవచ్చా?

వద్దు. పరిశీలన బావిలోకి పారదర్శకమైన ప్లాస్టిక్ బెయిలర్, అంటే నీళ్లు తోడే గొట్టం, దింపి తీస్తే, అడుగున నీరు, పైన లేత పసుపు రంగు పొర విడిగా కనిపిస్తాయి. ఆ పొర వేలెడు మందం ఉన్నప్పుడు కింద నుంచి గాలి పంపితే నీటిమట్టం కాస్త ఉబ్బి, ఆ పొరను చుట్టుపక్కలకు నెడుతుంది. మట్టి మరింత విస్తీర్ణంలో పాడవుతుంది, ఆవిరి ఒక్కసారిగా లేస్తుంది. ముందు ఆ పొరను పంపులతో, పై పొరను మాత్రమే లాగే స్కిమ్మర్లతో తోడి తీయాలి. తీయగలిగినంత తీశాకే గాలి వంతు. బావిలో కనిపించే మందం పక్క మట్టిలో ఉన్న మందం కంటే ఎక్కువగా ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. దాన్నే స్థలం మొత్తానికి గుణించి భయపడేవాళ్లు ఉన్నారు, బావిలో పొర లేదు కాబట్టి ఏమీ లేదని ధైర్యపడేవాళ్లూ ఉన్నారు.

చుట్టుపక్కల ఇళ్లకు ప్రమాదం ఉంటుందా?

సరిగా చేయకపోతే ఉంటుంది. గాలి పంపగానే పెట్రోలు ఆవిరి తప్పించుకునే దారి వెతుక్కుంటుంది. అపార్ట్‌మెంట్ల సెల్లార్లు, లిఫ్టు గుంతలు, డ్రైనేజీ మ్యాన్‌హోళ్లు, కేబుల్ కాలువలు దానికి అనువైన చోట్లు. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు. అందుకే జనావాసాల్లో స్పార్జింగ్ చేస్తే, పంపిన గాలి కంటే ఎక్కువ గాలిని పై మట్టిలోంచి లాగాలి. లాగిన దాన్ని ఉత్తేజిత కార్బన్ గుండా పంపడమో, ఉత్ప్రేరకంతో కాల్చడమో చేసి వదలాలి. లాగే బ్లోయర్ ఆగిపోతే పంపే కంప్రెసర్ కూడా దానంతట అదే ఆగిపోయేలా రెండింటికీ కరెంటు లింకు ఉండాలి. మన కరెంటు కోతల్లో ఇది మరీ ముఖ్యం. సెల్లార్లలో గ్యాస్ మీటరుతో రోజూ కొలవాలి.

డీజిలు, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్‌కు కూడా పనికొస్తుందా?

డీజిలు, కిరోసిన్ పెద్దగా ఆవిరి కావు, కానీ జీవులు తినగలవు. వాటికి నెమ్మదిగా గాలి పంపే పద్ధతులు మేలు, సమయం ఎక్కువ పడుతుంది. ఇంజిన్ ఆయిల్, తారు వంటి బరువైన వాటికి గాలి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇథనాల్ కలిపిన పెట్రోలు అయితే?

మన బంకుల్లో ఇప్పుడు అమ్ముతున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిలో పూర్తిగా కలిసిపోతుంది, కాబట్టి గాలితో ఆవిరి చేసి లాగడం కష్టం. జీవులకు మాత్రం అది ఇష్టమైన తిండి. ముందు దాన్ని తింటాయి, ఉన్న ఆక్సిజన్ అంతా దానికే ఖర్చవుతుంది, బెంజీన్ వంతు ఆలస్యమవుతుంది. ఆ లోగా బెంజీన్ ఇంకొంత దూరం పోతుంది. కొత్త లీకుల్లో గాలి లెక్క వేసేటప్పుడు ఇథనాల్‌కు కావలసిన ఆక్సిజన్‌ను కూడా కలుపుకోవాలి. పాత పట్టికలను చూసి వేసిన అంచనాలు ఇక్కడే తప్పుతాయి.

నీటిలో ఇనుము ఉంటే ఇబ్బందా?

ఉంటుంది. కరిగిన ఇనుము గాలి తగలగానే తుప్పుగా మారి గొట్టం చిల్లులను, మట్టి సందులను మూసేస్తుంది. లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే బాధ లేదు. 10 నుంచి 20 మధ్య ఉంటే బావులను తరచూ పరీక్షించి శుభ్రం చేసుకోవాలి. 20 దాటితే వేరే పద్ధతి చూసుకోవడం మంచిది.

ఎంత కాలం పడుతుంది, ఖర్చు ఎంత?

అనువైన నేలలో స్పార్జింగ్‌కు ఒకటి నుంచి మూడేళ్లు, బయోవెంటింగ్‌కు ఆరు నెలల నుంచి రెండేళ్లు అని సాధారణ అంచనా. మూడు నెలల్లో ముగిస్తామని ఎవరైనా రాసిస్తే ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోండి. ఖర్చులో గాలికి పోయేది తక్కువ. బావుల తవ్వకం, ఆవిరిని శుద్ధి చేసే ఏర్పాటు, ఏళ్ల తరబడి ప్రయోగశాల పరీక్షలు అసలు ఖర్చు. బంకు మూయకుండా, భవనం కూల్చకుండా పని సాగడం దీని పెద్ద లాభం. పైన పెద్ద భవనం లేని చిన్న, లోతు తక్కువ కాలుష్యానికి తవ్వి తీసేయడమే చవక కావచ్చు.

ఫలితాలు బాగున్నాయని ఆపేశాక మళ్లీ బెంజీన్ ఎందుకు కనిపిస్తుంది?

గాలి నడుస్తున్నంతసేపు పరిశీలన బావిలోని నీరు శుభ్రంగా కనిపిస్తుంది. ఆ బావికి కూడా గాలి తగులుతోంది మరి. ఆపాక గాలి కాలువలకు దూరంగా, సన్నటి మట్టిలో చిక్కుకున్న పెట్రోలు మళ్లీ మెల్లగా నీటిలోకి కరుగుతుంది. అంకె పెరుగుతుంది. కాబట్టి యంత్రం నడుస్తుండగా తీసిన నమూనా మీద పని పూర్తయిందని సర్టిఫికెట్ ఇవ్వకూడదు. ఆపేసి కనీసం ఒక ఏడాది, అంటే ఒక వేసవి, ఒక వానాకాలం దాటేదాకా నమూనాలు తీస్తూ ఉండాలి. పెరిగిన అంకె ఏ బావిలో పెరిగిందో చూసి ఆ చుట్టూనే మళ్లీ గాలి పంపాలి. మొత్తం స్థలానికి పంపనక్కర్లేదు.

చట్టం ఏమంటోంది?

1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. శుద్ధి ఖర్చు కాలుష్యానికి కారకుడైనవాడే భరించాలన్నది వాటి సారం. అంతకుముందు ఇలాంటి వివాదాలు ఎక్కువగా జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లేవి. చెన్నై తొండయార్‌పేటలో 2013లో ఇళ్ల బోర్లలో నూనె వాసన వచ్చి, ఓడరేవు నుంచి వెళ్లే చమురు పైపులైను లీకైందని బయటపడ్డ వ్యవహారం అలాగే ట్రైబ్యునల్ దక్షిణ ధర్మాసనం ముందుకు వెళ్లింది. ఐఐటీ మద్రాసు నిపుణులు అక్కడి శుద్ధి పనిలో పాలుపంచుకున్నారు. ఇరుకు వీధుల మధ్య, జనం కాపురముంటున్న ఇళ్ల కింద ఇలాంటి పని ఏళ్ల తరబడి సాగుతుందని ఆ ఉదంతం చూపించింది.

మా బోరులో పెట్రోలు వాసన వస్తోంది. కంప్రెసర్ తెప్పించి ఫ్లషింగ్ చేయిస్తే పోతుందా?

దయచేసి ఆ పని చేయకండి. బోరులో పూడిక తీయడానికి కంప్రెసర్ బండి పిలిపించడం మనకు అలవాటే. పెట్రోలు ఉన్న బోరులో అదే పని చేస్తే ఆవిరి పెద్ద ఎత్తున బయటికి చిమ్ముతుంది. పక్కనే డీజిలు ఇంజిన్ నడుస్తుంటుంది, ఎవరో ఒకరు బీడీ కాలుస్తుంటారు. అదీకాక రాతి నేలలో ఆ ఒత్తిడికి పెట్రోలు కొత్త చీలికల్లోకి, పక్క ఇళ్ల బోర్లలోకి పోతుంది.

ముందు ఆ మోటారు ఆపండి. నీళ్లు తాగడం, వంటకు వాడటమే కాదు, స్నానానికి కూడా వాడకండి. వేడి నీళ్లలోంచి బెంజీన్ గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాచితే పోతుందిలే అనుకుంటే ఆ ఆవిరి వంటగదిలో నిండుతుంది. సెల్లార్ ఉంటే తలుపులు తెరిచి, అక్కడ స్విచ్చులు వేయకుండా అగ్నిమాపక శాఖకు చెప్పండి. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, మునిసిపాలిటీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. గుర్తింపు ఉన్న ప్రయోగశాలతో బీటెక్స్ పరీక్ష చేయించండి. నమూనాను గాజు సీసాలో, గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, చల్లగా పంపాలి. సగం నింపిన ప్లాస్టిక్ సీసాలో పంపితే దారిలోనే బెంజీన్ ఆవిరైపోయి, నీళ్లు బాగున్నాయని రిపోర్టు వస్తుంది.